మంచి దొర నియమావళిలో లేని మాట



మొన్న మా కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదివే పిల్లవాడొకడు స్టాఫ్ రూమ్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. దేవరకొండ దిక్కు ఊరు, ఎస్సీ హాస్టల్లో ఉంటాడు. లినక్స్‌తో పాటు వచ్చే ఒక వివరణ పత్రంలో అక్షరదోషం కనిపెట్టాడట. దాన్ని దిద్ది పంపాలని ఉబలాటం. "సార్, కింద మన పేరు రాసి సంతకం లెక్క పెట్టాల్నంట. ఉత్త పేరు రాస్తే నడుస్తదా, ఇంటిపేరు గూడ రాయాల్నా?" అని అడిగాడు.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. కంప్యూటర్ సార్లను వదిలి నా దగ్గరికి ఎందుకు వచ్చాడంటే, స్టాఫ్ రూమ్‌లో లినక్స్ వాడేది నేనొక్కణ్ణే. అదేమీ విప్లవం కాదు. పీహెచ్‌డీ రోజుల్లో నా సిద్ధాంత గ్రంథాన్ని ఒక డీటీపీ ఫాంటులో టైపు చేయించాను. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే జాషువా పేరు చోట గుర్తుల కుప్ప కనబడింది. అప్పుడొక మిత్రుడు ఉబుంటు ఎక్కించి, యూనికోడ్‌లో తెలుగు రాయడం చూపించాడు. అప్పటి నుంచి అదే. డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో పోతన, వేమన పేర్లతో తెలుగు ఫాంట్లు ఉంటాయి. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద కూడా ఉచిత లైసెన్సు ఫాంటు ఒకటి ఉంది.

సరే, పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. పేరంటే భయం ఎందుకని అడిగితే చెప్పాడు. పోయిన ఏడు సిటీలో ఏదో వర్క్‌షాపుకి పోయాడు. పక్కన కూర్చున్న సీనియర్ మొదట ఊరు అడిగాడు, తర్వాత ఇంటిపేరు అడిగాడు. "చెప్పినంక మల్ల మాట్లాడలే సార్" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఫిర్యాదు చేద్దామన్నా ఏమని రాస్తాం? మాట్లాడలేదు అని రాస్తామా?

ఈ వారం రాయాలనుకున్న విషయం పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను. ప్రపంచంలోని సర్వర్లు, ఫోన్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను జీతం ఇచ్చే యజమాని ఒక్కడంటూ లేకుండా వేలమంది కలిసి రాస్తున్నారు. ఆ వేలమందిలో ఎవరు ఎవరిని ఏమనవచ్చు, ఏమనకూడదు, అంటే ఎవరు అడగాలి? దీని మీద ముప్పై ఏళ్లుగా గొడవ నడుస్తోంది. ఆ చరిత్రలో మన చరిత్ర కూడా ఉంది. కాకపోతే ఆ చరిత్ర రాసినవాళ్లకు అది తెలియదు.

ముందు పేరు సంగతి. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ, లినక్స్‌లో మా కోడు ఉందంటూ ఐబీఎంను కోర్టుకు ఈడ్చింది. ఏ ముక్క ఎవరు రాశారో రుజువు ఉండాలని లినక్స్ వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. 2004 నుంచి ప్రతి మార్పు కింద "ఇది నాది, ఇచ్చే హక్కు నాకుంది" అనే అర్థంలో ఒక సంతకం వరుస పెట్టాలన్నారు. అసలు పేరే రాయాలి, మారుపేర్లు చెల్లవు. నియమం పెట్టినవాళ్ల మనసులో దురుద్దేశం లేదు. ఫిన్లాండు మనిషికి, జర్మనీ మనిషికి ఇంటిపేరంటే ఇంటిపేరే. తెలుగువాడికి ఇంటిపేరు కుల ధ్రువీకరణ పత్రం. ఇంటిపేరు, ఊరు కలిపి చెబితే తాలూకా దాటకముందే ఏ గల్లీవాడివో పట్టేస్తారు. ఇంటిపేరుతో తేలకపోతే "ఎవరి తాలూకు?" అనే రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. అందరికీ ఒకటే నియమం అన్నది కాగితం మీద నిజమే. దాని బరువు మాత్రం అందరి భుజాల మీద ఒకటే కాదు. 2023లో ఆ మాట మార్చారు. "అసలు పేరు" పోయి "నలుగురికీ తెలిసిన గుర్తింపు" అన్నారు. అజ్ఞాతంగా ఇవ్వడం మాత్రం ఇప్పటికీ కుదరదు. పిల్లవాడికి అదే చెప్పాను. నీ ఇష్టం నాయనా, నిన్ను నలుగురు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరు రాయి. వాడు ఆలోచించుకుని చెప్తానన్నాడు.

ఇక దొర సంగతి.

ఉచిత సాఫ్ట్‌వేర్ లోకంలో ఒక బిరుదు ఉంది. "బెనెవొలెంట్ డిక్టేటర్ ఫర్ లైఫ్". పైథాన్ భాష పుట్టించిన గీడో వాన్ రోసమ్‌ను 1995లో సరదాగా అలా పిలిచారు. తర్వాత ఉబుంటు పెట్టిన మార్క్ షటిల్‌వర్త్ ఆ బిరుదుకు "స్వయం ప్రకటిత" అని చేర్చి తనకు తానే తగిలించుకున్నాడు. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌ను లోకమే అలా పిలిచింది. నిఘంటువు పట్టుకుని అనువదిస్తే "దయగల యావజ్జీవ నియంత" వస్తుంది. నల్లగొండలో నిఘంటువు అక్కర్లేదు. మంచి దొర.

మంచి దొర కథలు మనకు తెలుసు. గడి ఉన్న ప్రతి ఊళ్లో ఒక ముసలమ్మ ఉంటుంది, "మా దొర మంచోడే బిడ్డా, కిందున్నోళ్లే చెడగొట్టిన్రు" అంటుంది. పెళ్లికి వడ్లు ఇచ్చిండంటుంది. ఇవ్వని ఏడాది సంగతి అడిగితే మాట మారుస్తుంది. దొర మంచితనం దొర మనసులో ఉంటుంది, బయట ఎక్కడా రాసి ఉండదు. అందుకే దాన్ని పట్టుకుని అడగలేం.

ఇక్కడ ఒక తేడా ఒప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. గడి కింది మనిషి వెట్టి మానేసి పోవడానికి వీల్లేదు. లినక్స్‌లో నచ్చకపోతే కోడు మొత్తం మూటగట్టుకుని బయటికి పోయి వేరు కుంపటి పెట్టుకోవచ్చు, లైసెన్సే ఆ హక్కు ఇచ్చింది. దాన్ని వాళ్లు ఫోర్క్ అంటారు. మా పిల్లలకు ఫోర్క్ అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే భువనగిరి పేరు చెబుతాను.

1921లో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది, మహర్షి కర్వే అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి సభ, 1931లో మా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండోది, 1936లో షాద్‌నగర్‌లో ఐదోది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన పదకొండో సభనాటికి అది రెండు ముక్కలైంది. వకీళ్లూ మితవాదులూ ఒకవైపు, కమ్యూనిస్టులూ రైతులూ ఇంకోవైపు. బయటికి పోయినవాళ్లు మహాసభ పేరుతోనే విడిగా సభ పెట్టుకున్నారు. పేరు ఒకటే, మూలం ఒకటే, దారులు రెండు. ఫోర్క్ అంటే అదే. ఊళ్లలో జనం "సంగం" అని పిలిచి గుండెకు హత్తుకున్నది ఏ ముక్కనో మీకు తెలుసు.

అంతకు ముందు ఇంకో ఫోర్క్ ఉంది. దాని గురించి మన పాఠ్యపుస్తకాలు గొంతు తగ్గించి మాట్లాడతాయి. 1917లో బెజవాడలో పంచముల సభ పెట్టారు. హైదరాబాదు నుంచి వెళ్లి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ఒప్పుకోలేదు. సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఎవరో పెట్టిన జాబితాలో మనం ఐదోవాళ్లం కాదు, అసలు మొదటివాళ్లం అని దాని అర్థం. పేరు మార్చడం చిన్న పని అనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థిగా లినక్స్ సంగతి లోకానికి చెప్పింది 1991 ఆగస్టు 25న. ఆ తేదీ చదివినప్పుడల్లా నా కన్ను అదే నెల 6వ తేదీ మీదికి పోతుంది. చుండూరు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని వాడికి తగిలిందన్న దగ్గర మొదలైన తగవు ఎనిమిది మంది దళితులను చంపి, పొలాల్లో, కాలువల్లో పడేసేదాకా పోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదు, అంటగట్టను. కానీ సినిమా హాల్లో కాలు ఎక్కడ పెట్టాలో గోడ మీద ఎక్కడా రాసి లేదు. రాయని నియమావళి అందరికీ కంఠతా వచ్చు. నియమావళి అనగానే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. "లినక్స్‌కు ఇన్నాళ్లు ఏ నియమాలూ లేవు, హాయిగా ఉంది, ఇప్పుడెందుకు?" అని 2018లో వాదించినవాళ్ల మాటలు చదివినప్పుడూ ఇదే గుర్తొచ్చింది. నియమాలు లేని చోటు అంటూ ఉండదు, బలవంతుడికి తెలిసిన నియమాలు ఉంటాయి.

లినక్స్ లోపల రాయని నియమం ఏమిటంటే, కోడు బాగాలేకపోతే రాసినవాణ్ణి ఏమైనా అనవచ్చు. టోర్వాల్డ్స్ ఈమెయిళ్లలో బూతులు ఉండేవి. నువ్వెందుకు బతికున్నావనే ధోరణి కూడా ఉండేది. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయం సభలో కెమెరా ముందే ఒక చిప్పుల కంపెనీకి మధ్యవేలు చూపించాడు. కుర్రకారు చప్పట్లు కొట్టారు, ఆ వీడియో ఇప్పటికీ పంచుకుంటారు. 2013 జులైలో సేజ్ షార్ప్ అనే డెవలపర్ నేరుగా అడిగారు, తిట్లు లేకుండా పని చేయలేమా అని. యూఎస్‌బీ 3.0 కు లినక్స్‌లో దారి వేసిన మనిషి. అంటే మెరిట్ లేదని ఎవరూ నోరెత్తలేని మనిషి. టోర్వాల్డ్స్ జవాబు సారాంశం, నేనింతే. 2015 మార్చిలో ఒక చిన్న పత్రం పెట్టారు. దానికి పెట్టిన పేరు చూడండి, ప్రవర్తనా నియమావళి కాదు, "సంఘర్షణా నియమావళి". విమర్శ కటువుగానే ఉంటుంది, తట్టుకోవాలి, మరీ వ్యక్తిగతంగా దూషిస్తే సలహా బోర్డుకు చెప్పండి అని దాని తాత్పర్యం. అదే ఏడాది అక్టోబరులో సేజ్ షార్ప్ లినక్స్ కెర్నల్ పని మానేసినట్టు బహిరంగంగా రాశారు.

మిగతా ఇళ్లు ఇంతకంటే నయం. ఉబుంటు 2004లో పుట్టినప్పుడే నియమావళితో పుట్టింది. డెబియన్‌కు 1998 నుంచి రాజ్యాంగమే ఉంది, నిజంగా ఆ పేరుతోనే. ఏటా నాయకుణ్ణి ఓటేసి ఎన్నుకుంటారు. 2020లో కేరళకు చెందిన శ్రుతి చంద్రన్ ఆ పదవికి నిలబడ్డారు. 2014లో తమ ప్రవర్తనా నియమావళిని కూడా ఓటింగు పెట్టే తెచ్చుకున్నారు. దొర దయ తలిచి ఇవ్వలేదు. నాకు డెబియన్ మీద ఉన్న గౌరవం ఇక్కడి నుంచే.

2018 సెప్టెంబర్ 16, ఆదివారం. అమెరికాలో మధ్యాహ్నం. మనకప్పటికి 17 వచ్చేసింది, విలీనమా విమోచనా అని మనవాళ్లు స్టేటస్‌లు సిద్ధం చేసుకుంటున్న రాత్రి. లినక్స్ 4.19 తయారీలో భాగంగా పంపిన ఉత్తరంలోనే టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పాడు. తన ఈమెయిల్ దాడులు పనికి తగినవి కావని, మనుషుల భావాలు తనకు అర్థం కావని, సాయం తీసుకుంటానని, కొంతకాలం పక్కకు తప్పుకుంటానని రాశాడు. న్యూయార్కర్ పత్రిక ఆయన దూషణల మీద వ్యాసం వేయబోతూ ప్రశ్నలు పంపి ఉంది. అదే రోజు పాత పత్రం పోయి కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ ఆ నెల రోజులు పగ్గాలు పట్టుకుని అక్టోబర్ 22న 4.19 విడుదల చేసి తిరిగి అప్పగించాడు.

నియమావళి కొత్తగా రాసింది కాదు. కోరలైన్ ఎహ్మ్కే అనే ట్రాన్స్ మహిళ 2014లో తయారు చేసిన "కంట్రిబ్యూటర్ కవనెంట్" అనే నమూనా, దాని 1.4 రూపం తెచ్చుకున్నారు. దాంతో రచ్చ మొదలైంది. మా కోడు వెనక్కి తీసుకుంటాం అన్నారు కొందరు. రాజకీయాలు తెచ్చారన్నారు. అన్నిటికంటే గట్టిగా వినిపించిన మాట ఒకటుంది, అది వింటే మా హాస్టల్ పిల్లలు నవ్వుతారు: మెరిట్ నాశనమవుతుంది!

ఈ పాట మనకు మండల్ నాటి నుంచీ తెలుసు. కోడు కులం చూడదు, కంపైలర్‌కు జెండర్ లేదు అంటారు. కంపైలర్‌కు లేదు, నిజమే. కానీ ప్యాచ్‌ను చూసేది మనిషి. ఏది ముందు చూడాలి, ఎవరికి ఓపికగా వివరించాలి, ఎవరిని "ముందు చదువుకుని రా" అని తరమాలి అనేది మనిషే తేలుస్తాడు. అసలు ఆ మెరిట్ చూపించడానికి కావాల్సింది తీరిక. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొదటి రెండు మూడేళ్ల పనికి చాలామందికి పైసా రాదు. దీన్ని వెట్టి అనను, వెట్టి చేసినవాళ్ల మనవణ్ణి కాబట్టి ఆ మాట ఊరికే వాడను. కానీ ఆదివారం పొద్దుటి నుంచి రాత్రిదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చోగలిగినవాడూ, ఆదివారం కేటరింగు పనికి పోయి వడ్డిస్తే వచ్చే డబ్బుతో హాల్ టికెట్ ఫీజు కట్టేవాడూ ఒకే పరుగు పందెంలో లేరు. అజంతా సుబ్రమణియన్ ఐఐటీల మీద 2019లో తెచ్చిన పుస్తకం పేరే "ది కాస్ట్ ఆఫ్ మెరిట్". దొరికితే చదవండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నియమావళిలో ఒక జాబితా ఉంది. వయసు, శరీరాకృతి, వైకల్యం, లైంగిక గుర్తింపు, అనుభవం, చదువు, సామాజిక ఆర్థిక స్థితి, జాతీయత, రూపం, జాతి, మతం వంటి వాటితో నిమిత్తం లేకుండా ఎవరినీ వేధించని చోటుగా ఉంచుతామని మాట ఇస్తారు. చాలా పెద్ద జాబితా. దాన్ని నేను రెండుసార్లు పైనుంచి కిందికి చదివాను. కులం లేదు.

ఇందులో ద్వేషమేమీ లేదు. రాసినవాళ్లకు తెలియదు, అంతే. తెలిసినవాళ్లు ఆ గదుల్లో లేకా కాదు. సిలికాన్ వ్యాలీలో తెలుగువాళ్లకు కొదవా? అక్కడ మన సంఘాలు తానా అని, ఆటా అని ఎందుకు చీలాయో తెలుగువాళ్లందరికీ తెలుసు, ఎవరూ మైకులో చెప్పరు. తెలిసినవాళ్లు చెప్పలేదు, చెప్పేవాళ్లు అక్కడ లేరు.

"అందరికీ స్వాగతం అంటే సరిపోదా, జాబితా ఎందుకు?" అని మంచివాళ్లే అడుగుతారు. డెబియన్ 2012 నాటి వైవిధ్య ప్రకటన అలాగే ఉంటుంది, జాబితా లేకుండా, నిన్ను నువ్వు ఎలా అనుకున్నా, లోకం నిన్ను ఎలా చూసినా రావచ్చని. అందమైన వాక్యం. సాహిత్యం వాణ్ణి, నాకు ఆ వాక్యమే ఇష్టం. కానీ మనది వేరే అనుభవం. 1950లో మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని పేరు పేరునా రాసి ఊరుకోలేదు. అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని చోట్లు కూడా రాసింది. బావి అని విడిగా రాయాలా? రాయాలి. మహద్‌లో 1927 మార్చిలో చెరువు నీళ్లు తాగినందుకు దెబ్బలు తిన్న జనం ఉన్నారు కాబట్టి రాయాలి. పౌరులంటే అందరూ అని వాళ్లకూ చెప్పారు, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ "అందరూ"లో వాళ్లు లేరు.

రాయకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. ఆ ఏడాది జూన్ చివర్లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. పై కులాల మేనేజర్లు ఒక దళిత ఇంజినీరు కులం బయటపెట్టి, ఎదగనివ్వలేదని ఆరోపణ. అతను కంపెనీలో ఫిర్యాదు చేస్తే, కుల వివక్ష చట్టవిరుద్ధం కాదని లోపలి విచారణలో తేల్చేశారని కూడా ఆ దావాలో ఉంది. ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద సాగింది. ఇద్దరి తప్పొప్పులు నేను తేల్చను. నాకు పట్టింది ఆ రెండో ఆరోపణ. జాబితాలో లేనిది జరగనట్టే లెక్క. ఆ తర్వాత ఆపిల్ తన ఉద్యోగుల నియమాల్లో కులం అనే మాట చేర్చింది. 2021లో వచ్చిన కంట్రిబ్యూటర్ కవనెంట్ 2.1 రూపంలో జాతి పక్కన, రంగు ముందు, ఆ మాట వచ్చి కూర్చుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ మాత్రం అలాంటి బిల్లును వెనక్కి పంపాడు. ఉన్న చట్టాల్లోనే ఇది ఉంది, విడిగా అక్కర్లేదన్నాడు. బావి అని విడిగా రాయాలా అన్న ప్రశ్నే మళ్లీ.

మన రాజ్యాంగానికీ, ఆ 2.1కీ మధ్య 71 ఏళ్లు. లినక్స్ కెర్నల్ 2018లో తెచ్చుకున్న 1.4 దగ్గరే ఉంది.

రాస్తే చాలా అంటే, చాలదని మనకంటే ఎవరికి తెలుసు. 17వ అధికరణం ఉండగానే, 1955 చట్టం ఉండగానే, 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ నెత్తురు మీదనే 1989 చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండగా చుండూరు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అందుకే నియమావళి దొరకగానే నేను చివరి పేజీ చూస్తాను. ఫిర్యాదు ఎవరికి పోతుంది? వాళ్లు దొరకు ఏమవుతారు? లినక్స్‌లో ఆరేళ్లపాటు ఆ కమిటీ ఉందో లేదో బయటివాళ్లకు పెద్దగా కనబడలేదు. 2024 నవంబరులో కనబడింది. బీక్యాష్ ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ రాసిన కెంట్ ఓవర్‌స్ట్రీట్ తోటి డెవలపర్‌ను దూషించాడని, బహిరంగ క్షమాపణ చెప్పలేదని, 6.13 తయారీ కాలమంతా అతని మార్పులు తీసుకోకూడదని సలహా బోర్డు నిర్ణయించింది. పేరున్న మనిషికి శిక్ష పడింది, నలుగురికీ తెలిసేలా పడింది. శిక్ష సరైనదేనా అని అక్కడ ఇంకా కొట్టుకుంటున్నారు. అదే ఏడాది నిక్స్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో ఆయుధాల కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద, సభ్యుల ప్రవర్తన ఎవరు చూడాలన్న దాని మీద గొడవ ముదిరి స్థాపకుడే బోర్డు నుంచి తప్పుకున్నాడు, ఫోర్కులు పుట్టాయి.

ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని దాచిపెట్టి నియమావళిని పొగడలేను. నియమం మన మీదికే తిరగవచ్చు. హెచ్‌సీయూలో ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టళ్ల నుంచి, క్యాంపస్‌లో నలుగురు కలిసే చోట్ల నుంచి వెలివేసింది గూండాలు కాదు, క్రమశిక్షణ ఉత్తర్వు. వాళ్లు చలిలో వెలివాడ వేసుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వెళ్లిపోయాడు. కాగితం మీద అక్కడ అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

మన దగ్గరి సంగతి కూడా చూసుకుందాం, పక్కింటిని తిట్టడం తేలిక. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ మీద తెలుగు లినక్స్ కట్టింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ చేసింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు పెట్టింది. బెంగళూరులో ఇదే ఉద్యమంవాళ్లు ఒక బస్తీలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెడితే అక్కడి పిల్లలు గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు గీశారు. ఇవి చిన్న పనులు కావు. అయినా మా నల్లగొండ పిల్లవాడు డెబియన్‌లో పూర్తి సభ్యుడు కావాలంటే అప్పటికే ఉన్న సభ్యులను ఎదురుగా కలిసి, గుర్తింపు కార్డు చూపించి, తన తాళంచెవి మీద వాళ్ల సంతకం పెట్టించుకోవాలి. 2023 సెప్టెంబరులో డెబియన్ ప్రపంచ సమావేశం కొచ్చిలో జరిగినప్పుడు అలాంటి అవకాశం మన గుమ్మం ముందుకే వచ్చింది. రైలు చార్జీ, వారం రోజుల తీరిక ఉన్నవాడి గుమ్మం ముందుకు.

పిల్లవాడి దగ్గరికి మళ్లీ వస్తాను. అక్షరదోషం సంగతి పక్కన పడింది. లినక్స్ పత్రాలకు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలున్నాయి, తెలుగు లేదు. ప్రవర్తనా నియమావళిని తెలుగు చేద్దామని నేనే అన్నాను. ఈ మాట మన చెవికి ఎన్నికల కోడ్ లాగా వినబడుతుంది, కలెక్టర్ గుర్తొస్తాడు. అయినా అదే ఉంచాం. జాబితా దగ్గర ఆగిపోయాం. రేస్ అంటే జాతి, రాజ్యాంగం తెలుగు పాఠంలోనూ అదే. కానీ మా దిక్కు జాతి అంటే వినేవాడికి ఇంకోటి వినబడుతుంది. "తక్కువ జాతి" అని తిట్టినవాడు చర్మం రంగు గురించి తిట్టలేదు. అంటే తెలుగులో చదివేవాడికి మూలంలో లేని కులం జాతి అనే మాట లోపలి నుంచి తొంగి చూస్తుంది, కానీ పేరు పెట్టి ఉండదు.

"సార్, అసలుల లేని మాట అనువాదంల పెట్టొచ్చా?" అన్నాడు.

పెట్టకూడదు. ఎంఏ పిల్లలకు ఏటా చెప్పే పాఠమే అది. అనువాదకుడు మూలాన్ని దిద్దకూడదు. వాడు కాసేపు స్క్రీన్ చూసి, "అయితే అసలునే దిద్దుదాం" అన్నాడు. మూలంలో ఒక్క మాట చేర్చే ప్యాచ్, 2.1లో ఉన్నట్టే, జాతి పక్కన. కారణం రాయడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. వాడు ఇంగ్లీషులో రాసింది నేను సగానికి కొట్టేశాను, నేను రాసింది వాడు సగానికి కొట్టేశాడు. చివరికి ఏడు వాక్యాలు మిగిలాయి. బావి సంగతి ఒక వాక్యం ఉండనిచ్చాం.

కింద సంతకం వరుస ఉంది. నా పేరు పెట్టమన్నాడు. నేను వాడి పేరు పెట్టమన్నాను, పని వాడిది కాబట్టి. ఉత్త పేరా, ఇంటిపేరుతోనా అనేది ఇంకా తేల్చుకోలేదు. వాళ్లమ్మను అడిగి చెప్తానని శనివారం ఊరికి పోయాడు.